అదృష్టము: ఆ మాట పుట్టుక, దాని నడక

వాడుకలోని మాట నాణెము వంటిది. చేతులు మారిన కొలదియు దానిమీది ముద్ర అరిగిపోవును. చెల్లుబాటు మాత్రము తగ్గదు. అంగడిలో నాణెము నిచ్చువాడును పుచ్చుకొనువాడును దాని ముద్రను చూడరు. అట్లే మనము దినమునకు పదిమార్లు పలుకు మాటల అర్థమును మనమే విచారింపము. అట్టి మాటలలో "అదృష్టము" ఒకటి. ముందురాత్రి చదివిన పాఠమునుండియే పరీక్షలో ప్రశ్న వచ్చిన నదృష్టము. కదలిపోవు బస్సు కాలు పెట్టునంతలో నందిన నదృష్టము. టమాటకు ధర పలికిన వారముననే మన తోట కాపునకు వచ్చిన నదృష్టము. ఈ మాట నెఱుగని బాలుడు లేడు. దీని ముద్రను చదివిన బాలుడు మాత్రము అరుదు. ఈ సంచికలో దానిని చదువుదము.

వ్యుత్పత్తి

"అదృష్టము" తత్సమము. సంస్కృతమునందలి "అదృష్ట" శబ్దమునకు మన తెలుగు "ము" వర్ణకము చేరుటచే నేర్పడినది. సంస్కృతమున "దృశ్" అనునది చూచుట యను నర్థము గల ధాతువు. దానినుండి పుట్టినది "దృష్టము", అనగా చూడబడినది. దానికి వ్యతిరేకార్థమును దెలుపు "న" చేరి "అ"గా మారినది. కావున "అదృష్టము" అనగా చూడబడనిది. ఇది నఞ్ తత్పురుష సమాసము. హల్లునకు ముందు "న" కారము "అ"గా మారును: అసత్యము, అజ్ఞానము, అధర్మము. అచ్చునకు ముందు "అన్"గా మారును: అనంతము, అనుచితము, అనాదరము.

దృశ్ ధాతువునకు సంతానము మెండు. దృష్టి, దృశ్యము, దర్శనము, ద్రష్ట, నిదర్శనము, సదృశము, ఇవియన్నియు నా యింటి బిడ్డలే. "ఆదర్శము" అను మాటకు తొలి యర్థము అద్దము. ఎవనిని చూచి మనలను మనము దిద్దుకొందుమో వాడు మనకు ఆదర్శము. అద్దము చేయు పనియు నదియే కదా! పసిబిడ్డకు మన యిండ్లలో తీయు "దిష్టి" సైతము "దృష్టి" యను మాటయొక్క వికృతియే. ఒకే ధాతువునుండి కంటికి కనబడుటను చెప్పు "దృశ్యము"ను, కనబడకపోవుటను చెప్పు "అదృష్టము"ను పుట్టినవని గుర్తుంచుకొనుడు.

వ్రాతలో జరుగు దోషములు మూడు. "అద్రుష్టము" అని క్రారావడి, కొమ్ము కలిపి వ్రాయుదురు. దకారమునకు వట్రసుడి యుండవలెను. "అధృష్టము" అని ఒత్తు ధకారము వ్రాయుదురు. ధృష్టుడనగా తెగువ గలవాడు గనుక అధృష్టుడనగా తెగువ లేనివాడని వేఱొక యర్థము వచ్చును. "అదృష్ఠము" అని చివర ఠకారము వ్రాయుదురు. అచట టకారమే యుండవలెను.

పూర్వగ్రంథములలో నీ మాట

ఇప్పుడొక వింత. అమరకోశమున దైవమును దెలుపు పదములు వరుసగా చెప్పబడినవి: దైవము, దిష్టము, భాగధేయము, భాగ్యము, నియతి, విధి. ఆ వరుసలో "అదృష్టము" లేదు! అది వేఱొకచోట, రాజులకు సంబంధించిన వర్గమున నున్నది. రాజ్యమునకు గలుగు భయములు రెండు విధములు. తన సేనవలనను శత్రుసేనవలనను గలుగు భయము దృష్టము; అగ్ని, జలము మున్నగువానివలన గలుగు భయము అదృష్టము. శత్రువు వచ్చుట కోటగోడ నెక్కిన కంటికి కనబడును. నిప్పంటుకొనుటయు, ఏరు పొంగుటయు ముందుగా కనబడవు. నేడు శుభమును చెప్పుటకు వాడు మాట ఆనాడు ఆపద పక్షమున నిలిచియుండెను.

మీమాంసకులు కర్మల ప్రయోజనమును దృష్టమనియు, అదృష్టమనియు విభజించిరి. యాగమునకై వడ్లు దంచినయెడల ఊక పోయి బియ్యము వచ్చును. ఇది కన్నులయెదుట కనబడు ప్రయోజనము గనుక దృష్టము. ఆ వడ్లపై మంత్రపూర్వకముగా నీరు చల్లుటవలన కంటికి కనబడు మార్పేదియు లేదు. దాని ప్రయోజనము అదృష్టము. నైయాయికులు జీవుడు చేసిన పుణ్యపాపములు ఆత్మయందు నిలిచి, ఫలమిచ్చువఱకును కనబడకుండు సంస్కారమును అదృష్టమనిరి. ధర్మాధర్మములకు రెంటికిని కలిపి యిది యొక్కటే పేరు. అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమున ఇరువదినాలుగు గుణముల పట్టికలో ధర్మాధర్మములు రెండును గలవు.

వీరందఱికంటె మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తెలిసికొనదగిన వాడు వైశేషిక సూత్రకర్త యగు కణాదుడు. ఆయన తన అయిదవ అధ్యాయమున కొన్ని చలనములకు కారణము అదృష్టమని చెప్పెను. సూది అయస్కాంతమువైపు జరుగుట, చెట్టులో నీరు పైకి ప్రాకుట, అగ్నిజ్వాల ఊర్ధ్వముఖముగా లేచుట, పరమాణువులందు తొలి చలనము కలుగుట, ఇవి యా చలనములలోనివి. నెట్టువాడు కనబడినచో ఆ చలనమునకు కారణము దృష్టము. నెట్టువాడు కనబడడు, చలనము కనబడుచున్నది. కావున కారణము అదృష్టము.

విద్యార్థులారా! ఇచట కొంచెము నిలువుడు. మీ విజ్ఞానశాస్త్ర పుస్తకమును తెఱచి చూడుడు. జ్వాల యేల పైకి లేచును? వేడెక్కిన గాలి తేలికయై పైకి పోవుచుండగా చుట్టునున్న చల్లని బరువైన గాలి క్రిందికి చేరుటచేత. చెట్టులో నీరేల పైకి ప్రాకును? ఆకులనుండి నీరు ఆవిరియై పోవుచు, తన వెనుకనున్న నీటిని సన్నని నాళములగుండ పైకి లాగుటచేత. సూదియేల జరుగును? ఇనుములోని ఎలక్ట్రానుల స్వభావముచేత. కణాదుని పట్టికలో మూడింటికి నేడు కారణము కనబడినది. అవి అదృష్టమునుండి దృష్టమునకు వచ్చినవి. నాలుగవది చాల పెద్ద ప్రశ్న. దానిని పై తరగతులకు విడుతము.

కావున "అదృష్టము" అనుట పూర్వులకు ఆలోచనను కట్టిపెట్టుట కాదు. కారణము లేదని వారనలేదు. కారణమున్నది, అది మన కంటికి కనబడలేదని మాత్రమే చెప్పిరి. ఈ రెండు మాటలకు గల భేదమే ఈ పాఠమునకంతకును ప్రాణము.

కనబడనిది శుభమెట్లయ్యెను?

పుణ్యపాపములకు రెంటికిని సమానమైన పేరు తెలుగున శుభపక్షమునకే యేల ఒరిగినది? "అదృష్టము కలిసివచ్చినది" అన్నచో మేలని యర్థము. కీడు చెప్పవలెనన్నచో "దుర్" చేర్చి "దురదృష్టము" అనవలెను. సౌభాగ్యము, దౌర్భాగ్యము అనునట్లు సరియైన జంట లేదు. కన్నడమునందు "అదృష్ట" యన్నను, తమిళమునందు "అదిర్ష్టం" అన్నను మేలే స్ఫురించును. వంగభాషలో మాత్రము అదే మాటకు విధి యని యర్థము. మేలైనను కీడైనను కావచ్చును.

దీనికి మా యూహ యిది. "గుణము" అనగా మంచిదియు చెడ్డదియు గూడ. కాని "గుణవంతుడు" అన్నచో మంచివాడే. "రూపము" అందఱికిని కలదు. కాని "రూపవతి" అన్నచో అందమైనదియే. "వంత" ప్రత్యయము చేరినపుడు ప్రశంస తోచును. అట్లే "అదృష్టవంతుడు" అను మాటలో ప్రశంస చేరి, అది క్రమముగా "అదృష్టము"నకు గూడ అంటుకొని యుండవచ్చును. తొలి యర్థము పూర్తిగా నశింపలేదు. "అదృష్టపూర్వము" అను సమాసమున, మునుపెన్నడును చూడబడనిది యను నర్థమున, అది నేటికిని చెక్కుచెదరక యున్నది.

ఇరుగుపొరుగు మాటలు

మన హోసూరు ప్రాంతపు బిడ్డలకు ఒక సౌకర్యము గలదు. ఇంట తెలుగు, సంతలో తమిళము, చుట్టములయింట కన్నడము వినుచు పెరుగుదురు. మేము సరిహద్దు దాటి ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు సహాధ్యాయులకు ఈ మూడు భాషల మాటలను పక్కపక్కన పెట్టి చూపగా వారు ముచ్చటపడెడివారు. ఇట్లు చూడుడు. తెలుగున "తలవ్రాత", తమిళమున "తలైయెళుత్తు", కన్నడమున "హణెబరహ". మొదటి రెండింట తల, మూడవదానిలో నొసలు, మూటియందును వ్రాతయే. విధి నొసట వ్రాసినదను నొకే తలపు మూడు భాషలలో మూడు చొక్కాలు తొడిగికొన్నది.

మఱియొక తలపు వంతు, అనగా పాలు. "భాగ్యము" అను మాట పంచుట యను నర్థము గల "భజ్" ధాతువునుండి వచ్చినది. భాగము దాని తోబుట్టువు. మరాఠీలోను ఉర్దూలోను వాడు "నసీబు" అరబ్బీ మాట. దాని యర్థమును వంతే. "కిస్మతు" అను మాటకు మూలము అరబ్బీలో పంచుట. దేశములు వేఱు, మతములు వేఱు, లిపులు వేఱు, తలపు ఒక్కటియే. ఎవరో పంచుచున్నారు, మన వంతు మనకు వచ్చినది.

మూడవ తలపు పడుట. ఇప్పుడు మనవారు విరివిగా వాడు "చాన్సు" ఇంగ్లీషు మాట. అది ఫ్రెంచినుండియు, ఆ ఫ్రెంచి మాట పడుట యను నర్థము గల లాటిను ధాతువునుండియు వచ్చినది. పాచిక యెట్లు పడిన నట్లు! మనవారు "పాచిక పారినది" అందురు. "అవకాశము" అను మన మాటకు తొలి యర్థము ఖాళీ చోటు. ఇఱుకు గోడలో కొంచెము సందు దొరకిన దూరిపోవుటయే అవకాశము.

కాకియు తాటిపండును

కాకి తాటిచెట్టుపై వ్రాలినది. ఆ క్షణముననే పండు రాలినది. కాకి బరువునకు పండు రాలెనా? లేదు. పండు రాలునని తెలిసి కాకి వచ్చెనా? అదియును లేదు. రెండు పనులు ఏకకాలమున జరిగినవి, అంతియే. దీనిని "కాకతాళీయము" అందురు. ఇట్టిదే "ఘుణాక్షర న్యాయము": పుచ్చుపురుగు కొయ్యను తొలుచుకొని పోవగా నా గీత యొకచో అక్షరమువలె కనబడును, అంతమాత్రమున పురుగునకు ఓనమాలు వచ్చినవనరాదు.

ఈ సందర్భమున "యాదృచ్ఛికము" అను మాటను గూడ నేర్చుకొనుడు. "యదృచ్ఛ" అనగా ఏది యెట్లు వచ్చిన నట్లు జరుగుట. దానినుండి పుట్టినది యాదృచ్ఛికము. పత్రికలలో సైతము దీనిని "యాదృశ్చికము" అని తప్పుగా వ్రాయుచున్నారు. వృశ్చికమునకును దీనికిని సంబంధము లేదు! ఈ మాట మిక్కిలి పాతది. లోకమునకు మూలకారణము కాలమా, స్వభావమా, నియతియా, యదృచ్ఛయా యని శ్వేతాశ్వతరోపనిషత్తు ప్రశ్నించినది. నేడు ఇంటర్మీడియట్ గణితమున పాచిక వేయుట, నాణె మెగురవేయుట వంటివానిని యాదృచ్ఛిక ప్రయోగములందురు.

కాబట్టి అదృష్టమునకును కాకతాళీయమునకును సన్నని భేదము కలదు. అదృష్టమన్నచో కారణమున్నది, కనబడలేదు. కాకతాళీయమన్నచో రెండు సంఘటనలకు నడుమ కార్యకారణ సంబంధమే లేదు. పిల్లి యెదురువచ్చిన దినమున పరీక్ష చెడినచో అది కాకతాళీయము. చదువక పోవుటచే చెడినచో అది కాకతాళీయమును కాదు, అదృష్టమును కాదు, దృష్టమే!

ఋతుపర్ణుని లెక్క

నన్నయభట్టు తెనిగించిన ఆరణ్యపర్వ భాగమున నలోపాఖ్యానము కలదు. జూదమున రాజ్యము గోల్పోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునివద్ద సారథియై యుండెను. దారిలో ఋతుపర్ణుడొక తాండ్రచెట్టును చూచి, దాని కొమ్మల ఆకులును కాయలును ఎన్నియో రథమునుండియే చెప్పెను. నలుడు నమ్మక, రథము నిలిపి, దిగి లెక్కించి చూచెను, లెక్క సరిపోయెను. తరువాత ఋతుపర్ణునినుండి అక్షహృదయ విద్యను గ్రహించి, తన అశ్వహృదయ విద్యను అతనికిచ్చెను. అక్షములనగా పాచికలు, పూర్వకాలమున తాండ్రకాయలే పాచికలుగా వాడబడెడివి. పాచికలను నడపు రహస్యమును, చెట్టు కాయలను గుణించు రహస్యమును ఒకే విద్యగా నా కథ చెప్పుచున్నది. నలుడు రాజ్యము పోగొట్టుకొన్నపుడు పాచిక అతనికి అదృష్టము. ఈ విద్య వచ్చిన పిదప దృష్టము.

ఇందు మీరు ఋతుపర్ణుని మాత్రమే మెచ్చుకొనరాదు. దిగి లెక్కించి చూచిన నలునిగూడ మెచ్చుకొనుడు. విని తలయూచుట సులభము. దిగి లెక్కించుట విద్య.

యదృచ్ఛకును లెక్క కలదు

నాణెము నెగురవేసిన బొమ్మ పడునో బొరుసు పడునో చెప్పలేము. కాని వేయిమార్లు వేసినచో సుమారు సగము బొమ్మలు పడునని చెప్పగలము. ఒక్కొక్కటి కనబడదు; గుంపు కనబడును. ఈ లెక్కకు "సంభావ్యత" అని పేరు. పాచికలో ఆరు పడు సంభావ్యత 6లో 1. నాణెము వరుసగా 10 మార్లు బొమ్మయే పడు సంభావ్యత 1,024లో 1. వరుసగా అయిదు బొమ్మలు పడినవి గనుక ఇక బొరుసు పడి తీరవలెనని జూదరి తలచును. నాణెమునకు జ్ఞాపకశక్తి లేదు. ఆరవమారును సగము సగమే.

మీ తరగతిలో 40 మంది యున్నారనుకొందము. వారిలో ఇరువురికి ఒకే తేదీన పుట్టినరోజు వచ్చినచో "ఎంత వింత!" అందురు. లెక్క చూచిన నట్లు జరుగుటకు సంభావ్యత నూటికి సుమారు 89 పాళ్లు. 23 మంది యున్నను సగముకంటె కొంచె మెక్కువే. అట్లు జరుగకపోవుటయే వింత!

పెద్దలకు మఱియొక లెక్క. ఒక లాటరీలో లక్ష చీట్లు; ఒక్కొక్కటి 10 రూపాయలు; బహుమతి ఒక్కటి, 5 లక్షలు. చీట్ల సొమ్ము 10 లక్షలు వసూలగును. పంచునది 5 లక్షలు. అనగా 10 రూపాయలిచ్చి సగటున 5 రూపాయల విలువను కొనుచున్నాము. వారమునకొక చీటి చొప్పున 50 సంవత్సరములు కొన్నచో 2,600 చీట్లు. ఖర్చు 26,000 రూపాయలు. ఒక్కమారైనను బహుమతి వచ్చు సంభావ్యత నూటికి మూడు పాళ్లకంటె తక్కువ. తమిళనాడున 1968లో ప్రారంభమైన ప్రభుత్వ లాటరీ కాలమునుండి 2003లో లాటరీలు నిషేధింపబడువఱకును ఎన్నియో కూలి కుటుంబములు ఈ లెక్క తెలియక నష్టపోయినవి. చీట్లు పోయినవి గాని ఆశ పోలేదు; సెల్‌ఫోనులోని పందెపు ఆటలకును ఇదే లెక్క వర్తించును.

యదృచ్ఛను పనిలో పెట్టిన తెలుగువాడు

ఈ శాస్త్రమున లోకప్రసిద్ధుడైన తెలుగువాడొకడు మనవలెనే తెలుగునాటికి వెలుపల పుట్టినవాడు. కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1920 సెప్టెంబరు 10న హడగళిలో జన్మించిరి. ఆ యూరు నాడు మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో నుండెను. నేడు కర్ణాటకమున నున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమును, కలకత్తాలో సంఖ్యాశాస్త్రమును చదివిరి. 1945లో ప్రకటించిన వ్యాసమున, కొలతలనుండి చేయు అంచనాలోని అనిశ్చయము ఏ హద్దుకంటె తగ్గజాలదో నిరూపించిరి. "క్రామర్-రావు హద్దు" అను పేర నేటికిని అన్ని దేశములలోను అది బోధింపబడుచున్నది. 2001లో పద్మవిభూషణ బిరుదమును, 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతిని పొంది, ఆ సంవత్సరము ఆగస్టులోనే 102 ఏండ్ల వయస్సున కీర్తిశేషులైరి.

"స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్" అను వారి పుస్తకపు ఉపశీర్షికకు మన భాషలో "యదృచ్ఛను పనిలో పెట్టుట" అని చెప్పవచ్చును. యదృచ్ఛను పనిలో పెట్టుట యెట్లు? మన తల్లులు దినమును చేయుచున్నారు. కుండెడు అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూతురు. దీనికి "స్థాలీపులాక న్యాయము" అని పేరు. అయితే పైమెతుకునే పట్టినచో మోసపోవుదుము. గరిటతో కలిపి, ఏ మెతుకు వచ్చిన నా మెతుకు పట్టవలెను. క్రొత్త మందును పరీక్షించు వైద్యులును ఇట్లే చేయుదురు. ఏ రోగికి మందిచ్చుట, ఏ రోగికి మానుట యను నిర్ణయమును తమ యిష్టమునకు విడువక, చీటి వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయింతురు. అప్పుడు కంటికి కనబడని భేదములు రెండు గుంపులలోను ఇంచుమించు సమానముగా పడును. అదృష్టమునకు భయపడక దానికి పని చెప్పుట యనగా నిది.

తల్లిదండ్రులకు మనవి

"అదృష్టవంతుని చెఱపలేరు, దురదృష్టవంతుని బాగుచేయలేరు" అను సామెత మన యిండ్లలో వినబడుచుండును. "అదృష్టము అందలమెక్కింతునన్న బుద్ధి బురదలోనికి లాగినది" అను సామెతయు మన పెద్దలదే. మొదటిది చేతులు ముడుచుకొనుమనును. రెండవది చేతులను చూచుకొనుమనును. తమిళ పాఠములలో మన పిల్లలు చదువు తిరుక్కుఱళునందును ఇట్లే కలదు. 38వ అధికారము ఊళ్, అనగా విధి, ఎంత బలమైనదో చెప్పును. 62వ అధికారము విధి తోడు రాకున్నను పడిన శ్రమకు కూలి దక్కునని ధైర్యము చెప్పును. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ఏ పనికైనను అయిదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము. మన రైతునకు పొలము, తాను, నాగలి, దున్నుట విత్తుట, వాన. దైవమును గీత కాదనలేదు. కాని అయిదవదిగా చెప్పినది. నాలుగును చేసినవానికే అయిదవదానిని గూర్చి మాటాడు హక్కు.

మూడు విషయములు మనవి చేయుదుము. మొదటిది: బిడ్డ తప్పినపుడు "దాని అదృష్టమంతే" యనుటకు ముందు హాజరుపట్టీని చూడుడు. రాగి కోతలకని, పూలు కోయుటకని, తమ్ముని నాడించుటకని ఎన్ని దినములు బడి మానినదో అందు అంకెలలో వ్రాసియుండును. అది దృష్టము. దృష్టమైన కారణము కన్నులయెదుట నుండగా అదృష్టమును దూషించుట, దీపమున్నను వెలిగింపక చీకటిని తిట్టుట వంటిది.

రెండవది: "దురదృష్టజాతకురాలు" అను మాట నే బిడ్డమీదను వాడకుడు. ఆమె పుట్టిన నెలలో ఎద్దు చచ్చినదనియో, తండ్రి పని పోయినదనియో ఆ మాట కొందఱు పలుకుదురు. అది కాకియు తాటిపండును. పండు రాలుటకు కాకి కారణము కాదని యెఱిగియు, బిడ్డను కాకికంటె హీనముగా చూడవచ్చునా? అదృష్టమనగా కనబడనిది. కనబడనిదానిని చూచితిమని చెప్పి బిడ్డ నొసట మనము వ్రాసిన వ్రాతను ఆమె జన్మాంతమును మోయవలసివచ్చును.

మూడవది: "ఈ యూరిలో తెలుగు బడిలో చదువుట మా వాని దురదృష్టము" అని కొందఱు తలపోయుచున్నారు. వారి వేదన మే మెఱుగనిది కాదు. పుస్తకములు ఆలస్యముగా వచ్చుట, ఉపాధ్యాయ స్థానము ఖాళీగా నుండుట, పై చదువులలో భాష మారుట, ఇవి నిజమైన కష్టములు. కాని అవి యన్నియు దృష్టములు. పేరుపెట్టి చెప్పగలవి, అర్జీలో వ్రాయగలవి. 1956లో ఏడవ సవరణచే మన రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును చెప్పుచున్నది. కనబడు కష్టమునకు కనబడు ఉపాయము కలదు. దానికి దురదృష్టమని పేరుపెట్టిన నాడు అర్జీ వ్రాయు చేయి ఆగిపోవును.

ఇంత చెప్పియు నొకమాట మఱువరాదు. వడగండ్లు పడి పంట పోయిన రైతును, జ్వరముచే పరీక్షకు రాలేకపోయిన బాలుని "నీవే కారణము" అని నిందించుటయు అన్యాయమే. అట్టివారియెడ "అదృష్టము" అను మాట యొక ఊరడింపు. ఆ మాటకు గల దయను మనము పోగొట్టుకొనరాదు. ఇతరుల కష్టమున అదృష్టమును తలచి జాలిపడవలెను. మన పనిలో దృష్టమును వెదకి దిద్దుకొనవలెను.

అభ్యాసము

1. దృశ్ ధాతువునుండి పుట్టిన అయిదు మాటలు వ్రాసి, ఒక్కొక్కదానిని సొంతవాక్యమున ప్రయోగింపుడు.
2. అదృష్టము, కాకతాళీయము: ఈ రెండింటికి గల భేదమును మీ యూరి యుదాహరణములతో వివరింపుడు.
3. మీ తరగతివారి పుట్టినరోజుల పట్టిక వేయుడు. ఒకే తేదీ వచ్చిన జంటలెన్ని?
4. నాణెమును 100 మార్లెగురవేసి ఫలితములను వ్రాయుడు. ఇంటికి వచ్చిన చుట్టములకు చూపి, తరువాత నేది పడునో వారి నడుగుడు.
5. మీ యవ్వతాతలను అడిగి, అదృష్టమును గూర్చి తెలుగు, తమిళము, కన్నడములలో వారు వాడు మాటలను, సామెతలను సేకరింపుడు. ఎవరు చెప్పిరో, ఏ యూరివారో పక్కన వ్రాయుడు. ఈ పట్టికలను తరగతిలో ఒకచోట చేర్చి చదువుకొందము.